జాంగీఫ్‌తో ఆడాలంటే ముందు నడక నేర్చుకోవాలి

మా ధర్మాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో జాతర జరిగిందంటే కుస్తీలు ఉండాల్సిందే. ముందు పిల్లల జోడీలు దిగుతాయి, గెలిచినవాడికి కొబ్బరికాయ. పొద్దు వాలేకొద్దీ పెద్ద పహిల్వాన్లు వస్తారు, ఆఖరి కుస్తీకి వెండి కడియం. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా అయినా ఫడ్ (కుస్తీ బరి) చుట్టూ అరుపులు సగం తెలుగు, సగం మరాఠీ. చిన్నప్పుడు మా తాత నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని చూపించేవాడు. ఎవడు ఎవణ్ని ఎత్తి పడేస్తాడా అని నేను కళ్లప్పగించి చూస్తుంటే, "చేతులు కాదురా, కాళ్లు చూడు" అనేవాడు. పట్టు పడకముందు ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు, మెడ మీద చెయ్యేసి తోస్తారు, గుప్పెడు మట్టి తీసి ఎదుటివాడి భుజానికి రాస్తారు. దాన్ని ఇక్కడ ఖడాఖడీ అంటారు. కుస్తీ అక్కడే తేలిపోతుందని తాత లెక్క.

స్ట్రీట్ ఫైటర్ 6 అనే కొట్లాట వీడియో గేమ్‌లో జాంగీఫ్ అనే పాత్రను పట్టుకున్నాక ఆ మాట నాకు నిజంగా అర్థమైంది. జాంగీఫ్ అంటే 1991లో స్ట్రీట్ ఫైటర్ 2తో వచ్చిన రష్యా మల్లుడు. ఆరో భాగం 2023 జూన్ 2న విడుదలైంది. పీఎస్4 (ప్లేస్టేషన్ 4) మీద కూడా నడుస్తుంది కాబట్టి మా మిర్చి అడ్తి దుకాణం పైగదిలో నేనూ, మా చిన్నాన్న కొడుకూ పాత పీఎస్4 మీదే ఆడతాం. ఆన్‌లైన్‌లో నా ర్యాంకు డైమండ్. సీజన్‌లో కింద బస్తాలు విప్పితే ఘాటుకు కళ్లు మండుతాయి, కిటికీ మూసుకుని ఆడతాం. ఈ మనిషిని కొత్తగా ఎంచుకున్నవాళ్లు చాలామంది నెల తిరక్కుండానే వదిలేస్తున్నారు. "పట్టు బాగుంది కానీ దగ్గరికి వెళ్లలేకపోతున్నా" అంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు బలం సంగతి. జాంగీఫ్ పట్టు పేరు స్క్రూ పైల్‌డ్రైవర్, మేం స్క్రూ అంటాం. మామూలు త్రో (పట్టుకుని విసరడం) అందరికీ ఉంటుంది, దాన్ని సరైన సమయానికి రెండు బటన్లు నొక్కి విడిపించుకోవచ్చు. స్క్రూను విడిపించుకునే దారి లేదు. బ్లాక్ చేసినా పడుతుంది. ఈ ఆటలో అందరూ నమ్ముకునే డ్రైవ్ ప్యారీ (వచ్చే దెబ్బను మింగేసే కాపు) దీని ముందు పనికిరాదు. ప్యారీ పట్టుకుని నిలబడినవాణ్ని పట్టుకుంటే పనిష్ కౌంటర్ (తప్పుకు పడే అదనపు శిక్ష) కింద దెబ్బ ఇంకా పెరుగుతుంది. డ్రైవ్ ఇంపాక్ట్ అనే పెద్ద దెబ్బ ఎదుటివాడి రెండు దెబ్బల్ని ఓర్చుకుంటుంది కానీ పట్టుకు లొంగిపోతుంది. అంటే చెయ్యి అందేంత దూరంలోకి జాంగీఫ్ వచ్చాడంటే ఎదుటివాడి దగ్గరున్న మంచి అలవాట్లన్నీ తప్పులవుతాయి. అతనికి మిగిలేవి ఎగరడం, వెనక్కి దుమకడం, లేదా ముందే కొట్టడం. ఈ మూడింటికీ జాంగీఫ్ దగ్గర జవాబులున్నాయి.

రెండో బలం ఒళ్లు. ఎక్కువమందికి హెల్త్ 10000, అకుమా అనే పాత్రకు 9000, జాంగీఫ్‌కు 11000. ఆ అదనపు వెయ్యిని చాలామంది చివరి నిమిషానికి దాచుకున్న డబ్బులా చూస్తారు. అది దారిఖర్చు. నాలుగు దెబ్బలు తిని దగ్గరికి చేరితే, రెండు స్క్రూలతో లెక్క సరిపోతుంది.

ఇక చేతి ఒడుపు. స్క్రూకు కర్రను (జాయ్‌స్టిక్‌ను) గుండ్రంగా తిప్పి పంచ్ నొక్కాలి. కొత్తవాళ్లు నిజంగానే పూర్తి చుట్టు తిప్పబోయి గాలిలోకి ఎగిరిపోతారు. పూర్తి చుట్టు అక్కర్లేదు. ముందుకు, కిందికి, వెనక్కి, అక్కణ్నుంచి పైకి తాకీ తాకకముందే పంచ్ నొక్కెయ్యాలి. ఎగరడానికి ముందు మనిషి ఒక్క క్షణం మోకాళ్లు వంచుతాడు, ఆ క్షణంలో బటన్ పడితే చాలు. ఇది కూడా నిలబడి తిప్పకండి, ఇంకో పని వెనక దాచండి. చిన్న పంచ్ ఒకటి కొట్టి, ఆ చెయ్యి వెనక్కి వచ్చేలోపు చుట్టు పూర్తి చెయ్యండి. లేదా ఎగిరి కిందికి దిగుతున్నప్పుడే తిప్పండి. నేను మొదటి పదిహేను రోజులు మ్యాచ్ ఆడలేదు, ట్రైనింగ్ మోడ్‌లో ఎడమవైపు 50, కుడివైపు 50 చేసేవాణ్ని. కుడివైపు నిలబడితే చెయ్యి తడబడేది, అందుకే అటు ఎక్కువ చేశాను. బొటనవేలు నొప్పి పుడితే ఆపెయ్యండి, మర్నాడు చేసుకోవచ్చు.

మోడర్న్ కంట్రోల్స్ (సులువు బటన్ల పద్ధతి)లో అయితే స్పెషల్స్ (స్క్రూ లాంటి ప్రత్యేక ఎత్తులు) ఒక్క బటన్‌తో వస్తాయి, కానీ అలా చేసినదానికి దెబ్బ 20 శాతం తగ్గుతుంది. మొదలుపెట్టడానికి తప్పులేదు. అయితే జాంగీఫ్ బతికేదే దెబ్బ బరువు మీద. ఒక్కో మ్యాచ్‌లో పట్టు నాలుగైదు సార్లే దొరుకుతుంది, అందులో ఐదోవంతు వదులుకోవడం నాకు నచ్చదు.

లైట్ (చిన్న) పంచ్‌తో వేసిన స్క్రూ ఎక్కువ దూరం అందుతుంది, దెబ్బ తక్కువ. హెవీ (పెద్ద) పంచ్‌తో వేసినది దగ్గరగా ఉంటేనే పడుతుంది, దెబ్బ ఎక్కువ. ఎదుటివాడు లేస్తున్నప్పుడు మీరు ఆనుకుని నిలబడి ఉంటే హెవీ, బ్లాక్ చేసి కొద్దిగా జరిగిపోతే లైట్. ఈ తేడా తెలియక కొందరు ఎప్పుడూ హెవీయే తిప్పి, వేలెడు దూరంలో గాలిని పట్టుకుంటారు.

గాలిని పట్టుకోవడమే జాంగీఫ్‌కు అన్నిటికంటే ఖరీదైన తప్పు. స్క్రూ తప్పిందంటే చేతులు చాచి చాలాసేపు ఖాళీగా నిలబడతాడు. ఎదుటివాడు ఎగిరి కిందికి దిగుతూ తన పెద్ద కాంబో (వరస దెబ్బలు) మొత్తం వేసుకుంటాడు. అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఇది: కొత్త ప్రత్యర్థి మీద, దగ్గరికి చేరిన మొదటిసారి పట్టు వెయ్యను. చిన్న పంచ్ రెండు కొట్టి ఆగి చూస్తాను. అతను ఎగిరితే భయపడ్డాడని తెలుస్తుంది. ఈసారి ఎగిరినప్పుడు డబుల్ లారియట్ (చేతులు చాచి గిర్రున తిరిగి కొట్టే దెబ్బ) ఉంటుంది, సూపర్ అనే శక్తి పట్టీలో ఒక గడి నిండితే గాలిలోనే పట్టుకునే ఏరియల్ రష్యన్ స్లామ్ ఉంటుంది. ఒకసారి గాలిలో పట్టుబడ్డవాడు మళ్లీ ఎగరడానికి జంకుతాడు. అప్పుడు నేలమీద స్క్రూ పడుతుంది. వెనక్కి దుమికేవాణ్ని మూల దాకా నెట్టుకుపోవాలి, మూలలో వెనక్కి దారి ఉండదు. కంగారుపడి కాలితో కొట్టేవాళ్ల కోసం టండ్రా స్టార్మ్ ఉంది, అది కాలిదెబ్బను పట్టుకుని తిప్పి కొడుతుంది. చేతిదెబ్బకు పనిచెయ్యదు కాబట్టి గుడ్డిగా వాడకండి.

అసలు కష్టం దగ్గరికి చేరడం. జాంగీఫ్‌కు ఫైర్‌బాల్ లేదు. నడక నెమ్మది. ఒళ్లు పెద్దది కాబట్టి ఎదుటివాడి ప్రతి కాలూ చెయ్యీ అందుతుంది. ఫైర్‌బాల్ చూడగానే ముందుకు ఎగరాలనిపిస్తుంది. ఎదుటివాడు కోరుకునేది కూడా అదే, అతను కింద అప్పర్‌కట్‌తో కాచుకుని ఉంటాడు. నేను చేసేదేమిటంటే ఒక అడుగు నడుస్తాను, ఫైర్‌బాల్ వస్తే ప్యారీ పడతాను, వదిలి మళ్లీ ఒక అడుగు. ప్యారీ తగిలిన ప్రతిసారీ డ్రైవ్ గేజ్ (ఈ డ్రైవ్ ఎత్తులకు ఖర్చయ్యే శక్తి పట్టీ) కొంత తిరిగొస్తుంది. చూసేవాళ్లకు ఇది విసుగు. ఆడేవాడికి మాత్రం స్క్రీన్‌లో సగం దూరం ఒక్క దెబ్బ తినకుండా గడిచిపోయిందని తెలుస్తుంది. ఫైర్‌బాల్ వేసేవాడి లయ పట్టుబడ్డాక, అతని చెయ్యి కదిలే ముందే ఒక్కసారి డ్రైవ్ రష్ (ముందుకు దూసుకుపోవడం). ప్యారీ నుంచి రష్‌కు ఒక గడి ఖర్చు, మామూలు దెబ్బ మధ్యలోంచి రష్ చేస్తే మూడు గడులు. ఉన్నవి ఆరే. మూడు ఖర్చుపెట్టే రష్ జాంగీఫ్‌తో నేను చాలా తక్కువ వాడతాను.

డ్రైవ్ గేజ్ ఖాళీ అయితే బర్న్‌అవుట్ అంటారు. అప్పుడు ప్యారీ లేదు, ఇంపాక్ట్ లేదు, స్పెషల్స్ బ్లాక్ చేసినా హెల్త్ కొంచెం కొంచెం అరుగుతుంది. మూలలో ఉండి ఎదుటివాడి ఇంపాక్ట్‌ను బ్లాక్ చేస్తే జాంగీఫ్ కళ్లు తిరిగి నిలబడిపోతాడు. నడకతో బతికే మనిషికి ప్యారీ పోవడమంటే కాళ్లు కట్టేసినట్టే. గేజ్ రెండు గడులకు దిగిందంటే నేను దాడి ఆపి వెనక్కి నడుస్తాను, దూరం పోతే పోయింది.

పడి లేచేటప్పుడు కూడా ఇబ్బందే. కొందరికి ఉండే, ఏ దెబ్బా తగలకుండా పైకి లేచే చవకైన అప్పర్‌కట్ ఇతనికి లేదు. లేస్తూ స్క్రూ తిప్పేవాళ్లను చాలామందిని చూశాను, ఎదుటివాడి దెబ్బ ముందే తగులుతుంది. సూపర్ మూడు గడులూ నిండి ఉంటే బోల్షోయ్ స్టార్మ్ బస్టర్ దారి చూపిస్తుంది. అది కూడా పట్టే, కర్ర రెండు చుట్లు తిరగాలి. లేస్తున్న సమయంలో తిప్పడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. ఎదుటివాడు ఎగిరితే మాత్రం మూడు గడులూ పోతాయి. అందుకని లేచేటప్పుడు మొదటిసారి బ్లాక్ చెయ్యండి, ఎదుటివాడి పద్ధతి చూడండి. బ్లాక్ మీద ఉండగా రెండు డ్రైవ్ గడులు పెట్టి డ్రైవ్ రివర్సల్ అనే ఎదురుదెబ్బతో తోసెయ్యడం కూడా మంచిదే.

ఇంట్లో పెద్దవాళ్లు ఇదేం ఆట అంటే నేను ఒక్క సంగతి చెబుతాను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కు పతకం ఇచ్చారు. స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్ వూకు అప్పుడు 44 ఏళ్లు. మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. జాంగీఫ్‌ను చూసి నేర్చుకోవాలంటే జపాన్ ఆటగాడు ఇతబాషి జాంగీఫ్, అమెరికా ఆటగాడు స్నేక్ ఐజ్, వీళ్లిద్దరి మ్యాచ్‌లు చూడండి. పట్టు పడ్డ చోట కాదు, దానికి ముందు పది సెకన్లు ఆపి ఆపి చూడండి. ఎన్ని అడుగులు వేశారు, ఎన్నిసార్లు ఏమీ నొక్కకుండా నిలబడ్డారు అని లెక్కపెట్టండి.

మా తమ్ముడు, అదే చిన్నాన్న కొడుకు, ఆడేది జేపీ అనే పాత్ర. జాంగీఫ్‌కు జేపీ అంత తలనొప్పి ఇంకొకరు లేరని నా అభిప్రాయం. స్క్రీన్ ఆ చివర నిలబడి ట్రిగ్లావ్‌తో నేలలోంచి ముళ్లు లేపుతాడు, గాలిలో ద్వారాలు పెట్టి వాటిలోంచి కొడతాడు, దూరం నుంచే ఎంబ్రేస్‌తో పట్టుకుంటాడు. ఎంబ్రేస్ వస్తే ఎగరాలి, ట్రిగ్లావ్ వస్తే ప్యారీ పట్టాలి. రెండూ కలిపి వేస్తే ఏది ముందో కనిపెట్టాలి. దీనికి ట్రైనింగ్ మోడ్‌లో ఒక సాధన ఉంది. బొమ్మకు మూడు నాలుగు రికార్డింగులు పెట్టండి, ఒకదాంట్లో ట్రిగ్లావ్, ఒకదాంట్లో ఎంబ్రేస్, ఒకదాంట్లో ఊరికే నిలబడటం. అవి కలగాపులగంగా వచ్చేటట్టు పెట్టి, స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. పట్టు వెయ్యొద్దు, చేరడం ఒక్కటే పని. దెబ్బ తగిలితే మళ్లీ మొదటి నుంచి. నాకు వరసగా పదిసార్లు చేరడానికి పన్నెండు రోజులు పట్టింది.

దగ్గరికి చేరితే జేపీ అమ్నీషియా వేస్తాడు. కొట్టిన దెబ్బను మింగేసి ఎదురు బాంబులు పెట్టే ఎత్తు అది. మొన్న హోలీ సెలవు రోజు ఐదు ఆటల పందెం వేసుకుంటే రెండు రెండు అయింది. ఐదో ఆట ఆఖరి రౌండ్‌లో తమ్ముణ్ని మూలలో పడేశాను. అతని హెల్త్ వేలెడంత ఉంది, నాది అంతకంటే తక్కువ. పడి లేచిన రెండుసార్లూ అతను అమ్నీషియానే వేశాడు, రెండుసార్లూ నేను చిన్న పంచ్ కొట్టి బాంబులు తిన్నాను. మూడోసారి లేస్తుంటే బటన్ మీద నుంచి బొటనవేలు తీసేశాను. ఆనుకుని నిలబడ్డాను. అతను చెయ్యి తిప్పడం కనిపించింది. అమ్నీషియా దెబ్బనే పట్టుకుంటుంది, పట్టును పట్టుకోలేదు. హెవీ స్క్రూ పడింది.

"అన్నా, నువ్వు ఏమీ నొక్కలేదు కదా, నాకు టెన్షన్ వచ్చి నొక్కేశాను" అన్నాడు తమ్ముడు. అప్పటి నుంచి లేస్తూ అమ్నీషియా మానేసి ఎగరడం మొదలుపెట్టాడు. ఈ వారం నేను లేచే మనిషి ముందు అరడుగు వెనక్కి నిలబడి, గాలిలో పట్టుకునే సూపర్‌ను సాధన చేస్తున్నాను.