ధవళేశ్వరం వరద గ్రాఫులు: ఏడాదికో ఫైలు

ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టాలను పైథాన్‌లో ఏడాదికో గ్రాఫ్‌గా గీయిస్తుంటే, మొదటి బొమ్మ బాగానే వచ్చేది, రెండోదాంట్లో పాత గీత కూడా కలిసిపోయేది, చివరి ఫైలుకొచ్చేసరికి అంతా చిక్కుపడ్డ వలలా అయ్యేది. పైథాన్‌లో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలో సేవ్‌ఫిగ్ అనే కమాండ్ బొమ్మను ఫైల్లోకి రాస్తుందే తప్ప, గీసినదాన్ని తుడవదు.

అందుకే ప్రతి ఏడాది డేటాకీ ఒకసారి తిరిగే లూప్ లోపలే సబ్‌ప్లాట్స్ కమాండ్‌తో కొత్త ఫిగర్ (ఖాళీ బొమ్మ) తెరిచి, గీసి, ఫైలు పేరులో ఆ ఏడాది కలిపి సేవ్ చేసి, వెంటనే క్లోజ్ చేయించాను. సమస్య పోయింది. క్లోజ్ మాత్రం వదలొద్దు, తెరిచిన ఫిగర్లు 20 దాటితే మెమరీ హెచ్చరిక వస్తుంది.

ఇంకోటి, 11.75, 13.75, 17.75 అడుగుల హెచ్చరిక గీతలు ప్రతి బొమ్మలోనూ గీయించి, వై అక్షం కొలత అన్నిట్లో ఒకటే పెట్టండి. లేదంటే చిన్న వరద కూడా పెద్దదిలా కనిపించి, లంక గ్రామాల వాళ్లకి ఊరికే టెన్షన్.