పాత పాటలు పాడవకుండా మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోవడం ఎలా?

ఉగాదికి నాలుగు రోజుల ముందు నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. అనంతపురంలో మా మేడ మీద గదిలోనే నా స్టూడియో. భక్తి పాటలు, జానపదాలు, ఊళ్లలో జాతరలకు కావాల్సిన పాటలు చేస్తుంటాను. ఆ రోజు ఒక జాతర పాట మిక్సింగ్ చివరికొచ్చింది. స్క్రీన్ మూలన కొత్త వెర్షన్ వచ్చిందని కనబడితే పది నిమిషాల పనే కదా అని నొక్కేశాను. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, శాంప్లర్ (రికార్డు చేసిన చప్పుళ్లను వాద్యంలా మోగించే ప్రోగ్రామ్) రెండూ ఒకేసారి మారిపోయాయి, కంప్యూటర్ రీస్టార్ట్ అయింది, మళ్లీ పాట తెరిస్తే ఉరుము అనే తోలు వాద్యం ట్రాక్‌లో చప్పుడే లేదు. శాంపిల్స్, అంటే శాంప్లర్ మోగించే ఆ చప్పుళ్ల ఫైళ్లు, దొరకడం లేదని స్క్రీన్ నిండా ఫైళ్ల పేర్లు.

ఆ ఉరుము ఎక్కడో కొన్న శాంపిల్స్ లైబ్రరీ కాదు. మా జిల్లాలో ఉరుములు వాయించే ఒక పెద్దాయన ఇంటి ముందు, వేపచెట్టు కింద రెండు మైకులు పెట్టి, ఒక్కో దెబ్బను, పుల్లతో తోలు మీద రాస్తే వచ్చే ఆ గుర్రుమనే మోతను విడివిడిగా రికార్డు చేసి నేనే శాంప్లర్‌లో కూర్చుకున్నాను. ఆయనకు ఇప్పుడు చేతులు సహకరించక వాయించడం మానేశాడు. మళ్లీ రికార్డు చేద్దామన్నా కుదరదు. ఇంకోపక్క పాడినతను ఫోన్ చేసి "అన్నా, పాట యాడికొచ్చింది?" అంటుంటే ఏం చెప్పాలో తోచలేదు. కంగారులో ప్రాజెక్ట్‌ను కొత్త వెర్షన్‌లోనే సేవ్ చేసేశాను, దాంతో పాతదానికి వెనక్కి వెళ్లే దారి కూడా మూసుకుపోయింది. రెండు రాత్రులు నిద్ర లేదు.

ముందు: ఇప్పుడే చేయాలా?

చేతిలో పని ఉండగా అప్‌డేట్ ముట్టుకోకండి. మన దగ్గర ఉగాది, శ్రీరామనవమి, వినాయక చవితి, దసరా ముందు రోజుల్లోనే పాటలు ఎక్కువ వస్తాయి. అన్నీ ఇచ్చేశాక, కనీసం వారం ఖాళీ ఉందనుకున్నప్పుడు పెట్టుకోండి. కొత్త వెర్షన్ ఎందుకు కావాలో మీకు మీరు చెప్పుకోగలగాలి: మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న బగ్ అందులో పోయిందా, లేక మీరు కొన్న లైబ్రరీ ఫలానా వెర్షన్ ఉంటేనే తెరుచుకుంటుందా? ఈ రెండూ కాకపోతే ఆగినా నష్టం లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను 5 వారాల వరకు పాజ్ చేయొచ్చు. ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల నడిచే అదనపు ప్రోగ్రామ్) కంపెనీల డౌన్‌లోడ్ యాప్‌లలో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లో ఉంటే ఈ రోజే ఆఫ్ చేయండి.

మ్యాక్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2019లో వచ్చిన కాటలీనా అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్‌తో ఆపిల్ పాత తరం 32 బిట్ ప్రోగ్రామ్‌లకు సపోర్ట్ పూర్తిగా తీసేసింది, అంతకుముందు రోజు దాకా పనిచేసిన పాత ప్లగిన్లు చాలా ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. మీరు వాడే ప్రతి ప్లగిన్ కంపెనీ 'మాది కొత్త మ్యాక్ ఓఎస్‌లో పనిచేస్తుంది' అని చెప్పేదాకా మారకండి.

పాట మొత్తాన్ని ఆడియోగా దించుకోండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ప్లగిన్ పోవచ్చు, శాంప్లర్ పోవచ్చు, రేపు ఆ కంపెనీయే ఉండకపోవచ్చు, కానీ వేవ్ ఫైల్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది. ప్రతి ట్రాక్‌నూ విడిగా, ఒక్క దెబ్బ మాత్రమే ఉన్న ట్రాక్‌ను కూడా, పాట మొదటి సెకను నుంచే 24 బిట్‌లో, ప్రాజెక్ట్ ఏ శాంపిల్ రేట్‌లో ఉంటే అదే రేట్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి. అన్నీ ఒకే చోట మొదలైతేనే తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా తాళం తప్పకుండా కూర్చుంటాయి. ముఖ్యమైన వాద్యాలకు రివర్బ్, డిలే లాంటి ప్రతిధ్వని ఎఫెక్ట్‌లు వేసిన కాపీ ఒకటి, ఏమీ వేయని కాపీ ఒకటి ఉంచుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో ఫైల్ నిమిషానికి సుమారు 17 ఎంబీ అవుతుంది. నాలుగు నిమిషాల పాటలో 30 ట్రాకులుంటే మొత్తం 2 జీబీ, అంతే. దాంతోపాటే ఏ స్వరం ఎప్పుడు మోగాలో రాసి ఉండే మిడి ఫైల్ కూడా దించండి. టెంపో, శ్రుతి, ఏ ట్రాక్‌లో ఏ ప్లగిన్ ఏ వెర్షన్ వాడారో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. మొత్తం మిక్స్‌ను కూడా ఒక ఫైల్‌గా తీసుకోండి, దాని అవసరం చివర్లో వస్తుంది.

బ్యాకప్, నెట్, కరెంటు

ప్రాజెక్ట్ ఫోల్డర్‌తో పాటు మీరు సొంతంగా చేసిన శాంపిల్స్, ప్రీసెట్లు రెండు వేర్వేరు డ్రైవ్‌లలో ఉండాలి. ఇప్పుడు వాడుతున్న వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను కూడా దాచండి, ఎందుకంటే పాత ఇన్‌స్టాలర్లను అన్ని కంపెనీలూ ఎప్పటికీ ఉంచవు. విండోస్‌లో రీస్టోర్ పాయింట్, మ్యాక్‌లో టైమ్ మెషీన్ పెట్టుకోండి.

పెద్ద లైబ్రరీ అయితే నెట్ సంగతి చూసుకోవాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ డేటాతో 60 జీబీ లైబ్రరీ దించలేరు. 40 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్ మీద కూడా, స్పీడ్ ఎక్కడా తగ్గకపోతే, 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. దిగిన జిప్ ఫైల్‌ను విప్పడానికి మళ్లీ అంత చోటు కావాలి కాబట్టి 60 జీబీకి 120 జీబీ ఖాళీ ఉంచండి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటే సరిపోదు, రౌటర్‌ను కూడా దానికే పెట్టండి.

ఒకటి తర్వాత ఒకటి, పాతదాన్ని తీయకుండా

క్యూబేస్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ల పెద్ద వెర్షన్లు పాతదాని పక్కనే విడిగా ఇన్‌స్టాల్ అవుతాయి. కొంటాక్ట్ అనే శాంప్లర్ కూడా అంతే, 6, 7, 8 మూడూ ఒకే కంప్యూటర్‌లో ఉండొచ్చు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే పోర్టబుల్ ఇన్‌స్టాల్ అని ఉంటుంది, కొత్తదాన్ని వేరే ఫోల్డర్‌లో వేసి చూసుకోవచ్చు. చిన్న అప్‌డేట్లు మాత్రం పాతదాని మీదే కూర్చుంటాయి, వాటికే దాచిన ఇన్‌స్టాలర్ అక్కరకొస్తుంది.

ముందు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే మార్చండి. రెండు మూడు పాత పాటలు తెరిచి చూడండి. అంతా బాగుంటే ఇంకో రోజు శాంప్లర్, ఆ తర్వాత ఎప్పుడో ఓఎస్. మూడూ ఒకే రోజు మారిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నాకు రెండు రాత్రులు పట్టినట్టే మీకూ పడుతుంది. పాత పాట తెరవగానే మొదట 'సేవ్ యాజ్' కొట్టి వేరే పేరు పెట్టండి. కొత్త కొంటాక్ట్‌లో సేవ్ చేసిన ఇన్‌స్ట్రుమెంట్‌ను పాత కొంటాక్ట్ తెరవదు, మ్యాక్‌లో వాడే లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులదీ అదే కథ.

ప్లగిన్ కనబడకపోతే

పాత పాటల్లో చాలావరకు విఎస్‌టి2 అనే పాత పద్ధతిలో చేసిన ప్లగిన్లు ఉంటాయి. ఆ పద్ధతిని తయారుచేసిన స్టైన్‌బర్గ్ కంపెనీయే తన ప్రోగ్రామ్‌లలో దానికి సపోర్ట్ ఆపేస్తామని 2022 జనవరిలో చెప్పింది. ప్లగిన్ కంపెనీలు కొత్త వెర్షన్‌లో దాని తర్వాతి పద్ధతి విఎస్‌టి3 మాత్రమే ఇస్తే, పేరు ఒకటే అయినా మీ పాత పాట దాన్ని వేరే ప్లగిన్ అనుకునే అవకాశం ఉంది. అందుకే పాత విఎస్‌టి2 ఫైళ్లను తీసేయకండి. విఎస్‌టి3లు విండోస్‌లో సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, కామన్ ఫైల్స్ లోపల ఉంటాయి, అక్కడ ఫైల్ ఉందో లేదో చూసి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లను రీస్కాన్ చేయండి. స్కాన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోతుంటే ఆ ఫోల్డర్‌లోని ప్లగిన్లలో సగాన్ని బయటికి తీసి మళ్లీ తెరవండి, దోషి ఏ సగంలో ఉందో తెలిసిపోతుంది, అలా సగం సగం చేసుకుంటూ వెళ్లండి. ఆపిల్ సొంత చిప్ ఎం1, ఆ తర్వాతి చిప్‌లు ఉన్న మ్యాక్‌లలో ఇంటెల్ కాలం నాటి ప్లగిన్ కనబడకపోతే సాఫ్ట్‌వేర్‌ను రోసెట్టాలో (ఇంటెల్ ప్రోగ్రామ్‌లను ఈ మ్యాక్‌లలో నడిపే ఆపిల్ ఏర్పాటు) తెరిచి చూడండి.

శాంపిల్స్ మిస్సింగ్ అంటే

టెన్షన్ పడకండి, చాలాసార్లు ఫైళ్లు ఎక్కడికీ పోవు. మొదట డ్రైవ్ అక్షరం చూడండి. నాకు జరిగింది ఇదే: శాంపిల్స్ ఉన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎప్పుడూ 'ఇ' గా ఉండేది, రీస్టార్ట్ తర్వాత గుచ్చి మర్చిపోయిన ఒక పెన్‌డ్రైవ్ ఆ అక్షరం తీసుకుంది, నా డ్రైవ్ 'ఎఫ్' అయింది. శాంప్లర్ పాత చోటే వెతుకుతోంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి మీ శాంపిల్ డ్రైవ్‌కు 'ఎస్' లాంటి దూరపు అక్షరం ఒకటి ఇవ్వండి, మామూలుగా ఇంకే డ్రైవ్ దాన్ని లాక్కోదు. పాత పాటలు పాత అక్షరాన్నే వెతుకుతాయి కాబట్టి ఈ మార్పుకు ఒక్కసారి దారి చూపాల్సి వస్తుంది.

అందుకు మిస్సింగ్ విండోలో ఫోల్డర్ వెతికే బటన్ నొక్కి, లైబ్రరీ పెద్ద ఫోల్డర్‌ను చూపించండి, లోపలివి అదే వెతుక్కుంటుంది. ఫైళ్లన్నీ దొరికాక ఇన్‌స్ట్రుమెంట్‌ను కొత్త పేరుతో సేవ్ చేయండి. కొంటాక్ట్‌లో బ్యాచ్ రీసేవ్ అని ఉంటుంది, లైబ్రరీ మొత్తాన్ని ఒకేసారి సరిచేస్తుంది, కానీ అది అసలు ఫైళ్లనే మార్చేస్తుంది కాబట్టి ముందు కాపీ తీసుకోకుండా నొక్కొద్దు. వాద్యం సరిగ్గా మోగుతూ 15 నిమిషాలకు ఆగిపోతుంటే శాంపిల్స్ తప్పు కాదు, ఫుల్ వెర్షన్ కావాల్సిన లైబ్రరీని మీరు ఉచిత కొంటాక్ట్ ప్లేయర్‌లో తెరిచారని అర్థం.

చివరిగా వినండి

పాట తెరుచుకున్నంత మాత్రాన పని అయిపోలేదు. అప్‌డేట్‌కు ముందు తీసుకున్న మిక్స్‌ను ఒక ట్రాక్‌లో, ఇప్పుడు కొత్తగా ఎక్స్‌పోర్ట్ చేసిన మిక్స్‌ను ఇంకో ట్రాక్‌లో సరిగ్గా ఒకేచోట మొదలయ్యేలా పెట్టి, ఒకదాని ఫేజ్ తిప్పండి, అంటే దాని అలను తలకిందులు చేయండి. రెండూ ఒకటే అయితే నిశ్శబ్దం వస్తుంది. ఏదైనా వినిపిస్తే అదే మారిన భాగం. శాంప్లర్ వాద్యాల్లో ఒకే స్వరానికి నాలుగైదు శాంపిల్స్ మార్చి మార్చి మోగించే పద్ధతి ఉంటుంది కాబట్టి వాటి దగ్గర కొంచెం చప్పుడు మిగలొచ్చు, దానికి భయపడక్కర్లేదు. కానీ ఒక వాద్యం మొత్తంగా వినిపిస్తుంటే ఆ ట్రాక్ దగ్గరికి వెళ్లి రెండిటినీ విడివిడిగా, హెడ్‌ఫోన్స్‌లో పోల్చండి. నేను ఇప్పుడు ఉరుము ట్రాక్‌ను మాత్రం మొదటి దెబ్బ నుంచి చివరి మోత దాకా పూర్తిగా వింటాను, అయ్యాకే పాడినతనికి ఫోన్ చేస్తాను.