దవడ విరిగితే ఏ ప్లేటు: టైటానియమా, ఒంట్లోనే కరిగేదా?

కొత్తగా చేరిన పీజీలు అడిగే మొదటి ప్రశ్న "ఏది గట్టిది సార్?" అనే. గట్టిది టైటానియమే, అందులో వాదన లేదు. నేనైతే ఆ విరుగు మీద ఎంత బలం పడుతుంది, ఎన్ని వారాలు పడుతుంది అని అడగమంటాను.

సీటీ తెరిచి ముందు చోటు చూడండి. ముందు పళ్లతో కొరికితే దవడ మూలలోని విరుగు పై అంచున తెరుచుకుంటుంది, కింది అంచున నొక్కుకుంటుంది. అందుకే మామూలు విరుగుకి అక్కడ పై అంచున ఒక్క మినీప్లేటు చాలు. ప్లేటు ఎక్కడ వేయాలో ఫ్రెంచి సర్జన్ షాంపీ చూపించిన గీతలు ఇవే. గడ్డం దగ్గర ఎముక మెలితిరుగుతుంది కాబట్టి రెండు ప్లేట్లు, 4-5 మిల్లీమీటర్ల ఎడంతో.

ఎముక నుగ్గయినా, చీము పట్టినా, పళ్లు పోయి దవడ సన్నబడినా కరిగే ప్లేటు మాటే ఎత్తొద్దు. అక్కడ భారమంతా ప్లేటే మోయాలి, మందమైన, పొడవాటి రీకన్‌స్ట్రక్షన్ ప్లేటు తీయండి.

కరిగేవి పాలీలాక్టిక్, పాలీగ్లైకాలిక్ యాసిడ్ల పాలిమర్లు. వంగకుండా నిలబడే గుణంలో టైటానియానికి చాలా దూరం, అందుకే మందంగా చేస్తారు. పాలీలాక్టిక్ 82, పాలీగ్లైకాలిక్ 18 పాళ్లుండే రకం 8 వారాలకు కూడా సుమారు 70 శాతం బలం నిలుపుకుంటుంది, ఏడాది అటూఇటూగా కరిగిపోతుంది. దవడ అతకడానికి సాధారణంగా 4-6 వారాలు. ఎముక పక్కకి జరగని విరుగుల్లో, ముఖ్యంగా ఎదిగే పిల్లల్లో, ఈ లెక్క బాగా కుదురుతుంది. మళ్లీ కోసి ప్లేటు తీసే పని ఉండదు. పిల్లల్లో స్క్రూలు పంటి మొలకలకు తగలకుండా పొట్టివి, కింది అంచు వైపు వేయండి.

ఏ ప్లేటైనా పళ్లు సరిగ్గా కలిపి కట్టాకే. టైటానియాన్ని ఒకసారే వంచండి. అటూఇటూ వంచితే అక్కడే అలిసి తర్వాత విరుగుతుంది. కరిగేదాన్ని వేడిచేసి, మెత్తగా ఉన్న ఆ కొద్ది సెకన్లలోనే ఎముక మీద అదిమి పట్టాలి.

అసలు తంటా స్క్రూతోనే. దాదాపు అన్ని రకాల్లోనూ డ్రిల్ చేశాక ట్యాప్‌తో మర కోయాలి, డ్రిల్ వెళ్లిన కోణంలోనే. వేళ్ల కొసలతో తిప్పండి, తల ప్లేటుకి ఆనగానే ఆగండి. ఇంకో పావు తిప్పు తిప్పాలనిపిస్తుంది, అక్కడే తల తెగుతుంది. తెగితే తవ్వకండి, మిగిలిన ముక్క గుండానే మళ్లీ డ్రిల్ చేసి ట్యాప్ చేయండి. టైటానియంతో ఈ వెసులుబాటు లేదు.

తర్వాత కొన్ని వారాలు మెత్తటి తిండే. కరిగే ప్లేటు వేస్తే పై, కింది పళ్లను పట్టి ఉంచే ఎలాస్టిక్స్ (రబ్బరు బ్యాండ్లు) కూడా పెడతాను, నాకు టెన్షన్ తగ్గుతుంది. ఆ ప్లేటు ఎక్స్‌రేలో కనబడదని, నెలల తర్వాత నొప్పి లేని చిన్న వాపు రావచ్చని కేస్‌షీట్‌లో రాయండి. చీము, జ్వరం లేకపోతే అది ప్లేటు కరుగుతున్నందువల్లే కావచ్చు. అయినా పిలిపించి చూడకుండా యాంటీబయాటిక్ రాయొద్దు.