జూమ్ చేస్తే ముఖం మసకబారుతోందా? పెళ్లి ఫోటోల్లో ఫోకస్ తప్పే చోట్లు

కెమెరా స్క్రీన్ మీద అన్నీ బాగానే ఉంటాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే పెళ్లికూతురి కళ్లు సాఫ్ట్‌గా కనిపిస్తాయి. తాళి కట్టే క్షణం మళ్లీ రాదు కాబట్టి టెన్షన్ పడటం సహజమే. లెన్స్ పాడైందేమోనని సర్వీసుకు పరుగెత్తే ముందు ఇవి చూసుకోండి.

అసలు తప్పింది ఫోకసేనా?

ఫోటోను వంద శాతానికి పెంచి ముక్కుపుడక మెరుపు చూడండి. చుక్కలా ఉండాల్సిన మెరుపు గీతలా సాగితే షేక్ అయినట్టు. గుండ్రంగా ఉబ్బితే ఫోకస్ తప్పినట్టు. షేక్ అయితే షట్టర్ స్పీడ్ పెంచాలి. లెన్స్ 200 ఎంఎం జూమ్‌లో ఉంటే కనీసం 1/200 సెకను, క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా అయితే 1/320 పెట్టండి. స్టెబిలైజేషన్ ఉంది కదా అని 1/60కి దిగొద్దు. అది మన చేతి వణుకును ఆపుతుంది గానీ, పెళ్లికొడుకు తల తిప్పితే ఏమీ చేయలేదు.

వైడ్‌లో ఫోకస్ బాగుంది, జూమ్ చేయగానే పోయింది

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఇదే. స్టిల్ కెమెరాల జూమ్ లెన్సుల్లో చాలావాటికి జూమ్ తిప్పితే ఫోకస్ కూడా కాస్త జరుగుతుంది. "ముందు దగ్గరికి జూమ్ చేసి ఫోకస్ పట్టుకో, తర్వాత వెనక్కి రా" అనే పాత సలహా టీవీ వీడియో కెమెరాల నుంచి వచ్చింది. ఆ లెన్సులు జూమ్ మారినా ఫోకస్ నిలిచేలా తయారవుతాయి. మన లెన్సుకు వరుస వేరు: ముందు జూమ్ చేసి ఫ్రేమ్ పెట్టుకోండి, ఆ తర్వాత ఫోకస్. జూమ్ రింగ్ కొంచెం కదిలినా షట్టర్ బటన్ మళ్లీ సగం నొక్కాల్సిందే.

మీ లెన్స్ ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గోడ మీది తెలుగు క్యాలెండర్ ముందు ట్రైపాడ్ వేసి, అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్ అంకె వీలైనంత తగ్గించి, వైడ్‌లో తిథి, వర్జ్యం రాసిన చిన్న అక్షరాల మీద ఫోకస్ చేయండి. స్విచ్ ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్) మార్చి, టెలీకి, అంటే పూర్తిగా దగ్గరికి జూమ్ చేసి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద కనిపించే దృశ్యంలో) 10 రెట్లు పెంచి చూడండి. అక్షరాలు చెదిరితే సంగతి తెలిసిపోతుంది. వెనక్కి, అంటే టెలీ నుంచి వైడ్‌కి కూడా చూడండి.

చెవి బుట్ట షార్ప్, కన్ను సాఫ్ట్

ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 70 ఎంఎం, ఎఫ్ 2.8తో 3 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే షార్ప్‌గా ఉండే లోతు దాదాపు 30 సెంటీమీటర్లు. అక్కడే నిలబడి 200కి జూమ్ చేస్తే 4 సెంటీమీటర్లు కూడా ఉండదు. ముక్కుపుడక నుంచి చెవి బుట్ట దాకా అది చాలదు. ఎఫ్ 5.6 పెడితే లోతు రెట్టింపవుతుంది. మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి కెమెరా పక్కకి తిప్పే అలవాటు టెలీలో మానేసి, పాయింట్‌నే కంటి మీదికి జరపండి.

తలంబ్రాలు షార్ప్, వధూవరులు మసక

ఇది నాకూ జరిగింది. దోసిళ్ల నుంచి జారే పసుపు బియ్యం ఒక్కో గింజా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది, వెనక ఇద్దరి నవ్వులూ చెదిరిపోయాయి. ఫోకస్ ఏరియా పెద్దగా పెట్టుకుంటే కెమెరా సాధారణంగా అందులో దగ్గరున్న వస్తువునే పట్టుకుంటుంది. గింజలు ముఖాల కంటే ముందుంటాయి మరి.

ఒకే పాయింట్ ఎంచుకోండి. ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తీసేసి కెమెరా వెనకున్న ఏఎఫ్-ఆన్ (ఫోకస్‌కి మాత్రమే ఉండే) బటన్‌కి మార్చండి. తలంబ్రాలు మొదలయ్యే ముందే కంటి మీద ఫోకస్ పట్టి బొటనవేలు తీసేస్తే, ఇక ఎన్ని గింజలు రాలినా ఫోకస్ కదలదు. కాసేపటికి పోటీ పెరిగి ఇద్దరూ లేచి మరీ పోస్తారు. అప్పుడు దూరం మారుతుంది కాబట్టి బొటనవేలితో మళ్లీ పట్టాలి.

లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది

వెలుతురు చాలకపోవడం ఒక కారణం. కిట్‌తో వచ్చే టెలీ జూమ్ చివరికి వెళ్లేసరికి అపెర్చర్ ఎఫ్ 5.6 అవుతుంది, ఎఫ్ 2.8తో పోలిస్తే నాలుగో వంతు వెలుతురే. తెల్లవారుజాము ముహూర్తాల్లో కెమెరా పక్కకి తిప్పకుండానే మధ్య పాయింట్ వాడి, నున్నటి చెంప మీద కాకుండా బాసికం అంచు మీద పట్టండి.

పగలే ఇలా తిరుగుతుంటే మరీ దగ్గరగా నిలబడి ఉంటారు. చాలా 70-200 లెన్సులు మీటరు లోపల ఫోకస్ కావు. ఆ దూరం లెక్క లెన్స్ అద్దం నుంచి కాదు, సెన్సర్ నుంచి. రెండడుగులు వెనక్కి జరగండి. లెన్స్ పక్కన ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని తగ్గించే) స్విచ్ ఉంటే అది "ఫుల్"లో ఉందో లేదో కూడా చూడండి.

ఏం చేసినా ప్రతిసారీ ఒకే వైపు తప్పుతోంది

ముందు లెన్స్ మీద బిగించిన యూవీ ఫిల్టర్ తీసేసి ఫోటో తీయండి. నాసిరకం అద్దం వైడ్‌లో బయటపడదు, 200 దగ్గర పడుతుంది. అయినా తప్పుతుంటే, డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌తో ఒకటి, లైవ్ వ్యూతో ఒకటి తీసి పోల్చండి. లైవ్ వ్యూది మాత్రమే షార్ప్‌గా ఉంటే మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఫోకస్ తేడాను సరిదిద్దే సెట్టింగ్) సరిచేయాలి. కొన్ని కెమెరాల్లో వైడ్‌కీ టెలీకీ వేర్వేరు విలువలు ఇవ్వొచ్చు. అలా లేకపోతే మీరు ఎక్కువగా వాడే ఫోకల్ లెంగ్త్ దగ్గర సెట్ చేసుకోండి. లైవ్ వ్యూలోనూ సాఫ్ట్‌గానే ఉంటే, అప్పుడు లెన్స్‌ను సర్వీసుకు ఇవ్వండి.