పాత సైనిక స్థావరాన్ని అంచనా వేయడం – 3వ పాఠం: షెడ్డు పోయాక మిగిలిన గచ్చు

పోయిన పాఠంలో పాత పటాలూ వైమానిక ఫొటోలూ ముందేసుకుని కూర్చున్నాం. ఈసారి వాటిని చేతపట్టుకుని స్థలంలోకి నడుద్దాం. ఉదాహరణ అదే: రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో కట్టిన బాంబర్ ఎయిర్‌ఫీల్డ్.

పలుగూ పారా బయటే ఉంచండి. ఇలాంటి నేలలో పేలని మందుగుండు ఉండొచ్చు. అందుకే ఆ పని తెలిసిన నిపుణులు చూసి సరేనన్న చోటే తవ్వకం. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి విరిగిన ముక్కలను తాకొద్దు.

అప్పటి బాంబర్ ఎయిర్‌ఫీల్డ్‌లకు ప్రామాణికమైన ‘క్లాస్ ఏ’ నమూనాలో మూడు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్తాయి. పెద్దది 2,000 గజాలు, మిగతా రెండూ 1,400 గజాల చొప్పున. అక్కడికి వెళ్లిన ప్రతివాళ్లూ నేరుగా కంట్రోల్ టవర్ దగ్గరికే పోతారు. చూడండి, తప్పులేదు. 12779/41 అనే నక్షా ప్రకారం కట్టిన టవర్లకు కిటికీలు పెద్దవి. 343/43 వచ్చేసరికి చిన్నవయ్యాయి. గీత తర్వాతి అంకెలు నక్షా గీసిన ఏడాదిని చెబుతాయి. పెద్ద కిటికీని తర్వాత ఇటుకలతో కొంత మూసిన టవర్ కనిపిస్తే ఆ అతుకు దగ్గర ఆగండి. పాత ఇటుకకూ కొత్త ఇటుకకూ మధ్య సున్నం, సిమెంటు రంగు ఎక్కడ మారిందో ఫొటో తీయండి.

నేను మాత్రం మిమ్మల్ని ఇంకో వైపు తీసుకెళ్తాను. బాంబు దాడిలో అందరూ ఒకేచోట చిక్కుకోకూడదని సిబ్బంది నివాసాలను రన్‌వేలకు దూరంగా, పొలాల్లో విడివిడిగా కట్టారు. అంచనా నివేదికల్లో ముందు జారిపోయేవి ఇవే. అక్కడ ఇప్పుడు ముళ్లపొదల కింద గచ్చు మాత్రమే ఉండొచ్చు. అది చాలు.

నిస్సెన్ హట్ అంటే సగం కోసిన పీపాను బోర్లించినట్టుండే రేకుల షెడ్డు. 1916లో బ్రిటిష్ సైన్యపు ఇంజనీరింగ్ దళం రాయల్ ఇంజనీర్స్‌కు చెందిన మేజర్ పీటర్ నిస్సెన్ రూపొందించాడు. రెండో యుద్ధంలో 16, 24, 30 అడుగుల వెడల్పుల్లో వాడారు. అందుకని ముందు టేపు పట్టి గచ్చు అడ్డం కొలతే తీసుకోండి. తర్వాత నాచు మెల్లగా తుడిచి, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. పొడుగు అంచుల వెంట తుప్పుపట్టిన బోల్టులుంటే రేకుల వంపు కాలు మోపింది అక్కడే. రెండు చివరలా ఒక్క వరుస ఇటుక మొండాలుంటే అవి చివరి గోడలు. వాటి మధ్య ఖాళీ గుమ్మం. గచ్చు మధ్యలో మాడిన మచ్చ పొయ్యి పెట్టిన చోటు. దాని చుట్టూనే చలికాలంలో మంచాలు దగ్గరికి జరిగి ఉంటాయని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. నివేదికలో మాత్రం మచ్చ, దాని కొలత, ఉన్న చోటు అంతే రాయాలి.

గోడ మందం కూడా కాలాన్ని చెబుతుంది. 4½ అంగుళాల గోడ, మధ్యమధ్య దన్నుగా పిల్లర్లు, పైన సిమెంటు పూత ఉంటే చాలాసార్లు యుద్ధకాలపు తాత్కాలిక కట్టడమే. అంతకన్నా మందంగా, చక్కటి ఇటుక పనితో ఉంటే 1930ల స్థావరమేమో చూడండి.

చారిత్రక విలువ కట్టేటప్పుడు ఒక్కో గచ్చుకూ విడిగా మార్కులు వేయకండి. విడిగా చూస్తే ఏదీ నిలవదు. అధికారుల మెస్ ఎక్కడ, సార్జెంట్ల మెస్ ఎక్కడ, మహిళా సిబ్బంది నివాసాలు ఎంత ఎడంగా ఉన్నాయి, స్నానాల గదికి ఎంత దూరం నడవాలి అన్నవి అన్నీ ఒకే పటం మీద పెట్టినప్పుడే ఆ స్థావరంలో హోదాలు ఎలా పనిచేశాయో కనబడుతుంది. ఆ పటమే సాక్ష్యం.

ఇంకో పొర కూడా ఉంది: సైన్యం రాకముందుది. దక్షిణ ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ ప్లెయిన్ అనే మైదానంలో 1897 నుంచి సైన్యం భూములు కొంటూ వచ్చింది. చాలా మేర లోతు దుక్కి పడకపోవడంతో చరిత్రపూర్వ కాలపు పొలాల గట్లూ, రోమన్ల కాలపు ఊళ్ల ఆనవాళ్లూ ఇప్పటికీ గడ్డి కింద ఎత్తుపల్లాలుగా నిలిచాయి. ఎయిర్‌ఫీల్డ్‌లో రన్‌వే వేసిన చోట నేల చదునై పోయి ఉంటుంది. రన్‌వేల మధ్య గడ్డినేలలో మాత్రం ఏమీ ఉండదని ముందే వదిలేయకండి. పొద్దు వాలేవేళ ఏటవాలు వెలుగులో ఒకసారి నడవండి.

అభ్యాసం: అనుమతి ఉన్న చోట ఏదైనా ఒక పాత గచ్చును 1:50 స్కేలులో గీయండి. ఉత్తరం గుర్తు పెట్టండి. కనిపించినవి నల్ల పెన్సిలుతో, మీరు ఊహించినవి ఎర్ర పెన్సిలుతో వేయండి. వచ్చే పాఠంలో ఆ ఎర్ర గీతలు ముందు పెట్టుకుని కూర్చుందాం.