గూడు ముందు, కోడి తర్వాత: నగరంలో పెరటి కోళ్ల పెంపకం

నగరంలో ఇంటి పెరట్లో నాలుగు కోళ్లను పెంచుకోదలచినవారు సాధారణంగా ముందు పిల్లలను తెచ్చుకొని, అవి అట్టపెట్టెలో ఇమడనంతగా ఎదిగిన తర్వాత గూడు గురించి ఆలోచిస్తారు. ఈ క్రమాన్ని తిరగవేయాలి. దుర్వాసన, పేలు, శ్వాసకోశ వ్యాధులు, పిల్లులూ కుక్కలూ కోళ్లను ఎత్తుకుపోవడం, పొరుగువారి ఫిర్యాదులు చాలావరకు గూడు కట్టిన తీరులోనే మొదలవుతాయి. మంచి గూడు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి, ఇప్పటికే కోళ్లను పెంచుతున్న ఇరుగుపొరుగువారి గూళ్లను చూసి రావడానికి మించిన మార్గం లేదు.

అంతకన్నా ముందు పురపాలక నిబంధనలు తెలుసుకోవాలి. కోళ్ల సంఖ్యకు పరిమితి, పొరుగింటికీ గూటికీ మధ్య ఉండవలసిన దూరం, పుంజుకు అనుమతి ఉందా లేదా అన్న విషయాలు ఊరూరికీ మారుతాయి. గుడ్ల కోసమే అయితే పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. వాటిని పొదిగిస్తే పిల్లలు రావు, అంతే తేడా. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నచోట తెల్లవారకముందే కూసే పుంజును పెంచకపోవడమే పొరుగువారి పట్ల న్యాయం.

గూళ్లను చూడటానికి వెళ్లే వేళ కూడా ముఖ్యమే. శుభ్రం చేసిన మర్నాడు ఏ గూడైనా బాగానే కనిపిస్తుంది. వాన వెలిసిన వెంటనే గానీ, ఎండ మండిపోయే మధ్యాహ్నం గానీ, కోళ్లు గూటికి చేరే మునిమాపు వేళ గానీ వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. వాన నీరు ఎటు పారుతోందో, నేల ఎంతసేపు తడిగా ఉంటోందో చూడాలి. కోళ్లకు చెమట పట్టదు కనుక వేడి ఎక్కువైనప్పుడు నోరు తెరిచి రొప్పుతాయి, రెక్కలను ఒంటికి ఎడంగా పెడతాయి. నీడలో ఉన్నా అలా చేస్తున్నాయంటే ఆ గూటికి గాలి చాలడం లేదేమో చూడాలి. కోళ్లు రాత్రి వాలే కర్ర ఎత్తుకు తల వంచి గాలి పీల్చి చూడాలి. కళ్లు మండినా, ముక్కుకు ఘాటు తగిలినా, రెట్ట నుంచి వెలువడే అమ్మోనియా బయటికి పోవడం లేదని గ్రహించాలి. ఇక యజమానిని తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ గూటిని మళ్లీ కట్టవలసివస్తే ఏమి మారుస్తారు? తలుపు ఇరుకై మూలలు ఊడ్వలేకపోవడం, గుడ్ల కోసం రోజూ లోపలికి దూరవలసిరావడం, నీళ్ల కుళాయి పెరటి అవతలి కొసన ఉండటం వంటి ఇబ్బందులు కొలతల పట్టికల్లో కనిపించవు, ఈ జవాబుల్లోనే దొరుకుతాయి.

అయితే ఒక గూటి నుంచి మరో గూటికి జబ్బును మోసుకెళ్లేది చాలాసార్లు మనిషే. కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ వైరస్‌లు, రక్తపారుడు కలిగించే పరాన్నజీవులు చెప్పుల అడుగున అంటిన రెట్టతోనూ, బట్టలతోనూ, అరువు తెచ్చుకున్న పంజరాలతోనూ ప్రయాణిస్తాయి. కనుక ముందుగా అనుమతి తీసుకొని వెళ్లాలి, ఉతికిన బట్టలు, కడిగిన చెప్పులు వేసుకోవాలి, యజమాని చెబితే తప్ప కోళ్లను ముట్టకూడదు. మన ఇంట్లో ఇప్పటికే కోళ్లు ఉంటే వాటి పనులన్నీ ముగించుకొని వెళ్లి, తిరిగి వచ్చాక స్నానం చేసి, బట్టలూ చెప్పులూ మార్చుకున్న తర్వాతే వాటి దగ్గరికి పోవాలి. ఆరోగ్యంగా కనిపించే కోళ్ల రెట్టలో కూడా మనుషులకు విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించే బాధ్యత పెద్దవారిదే.

చూసి వచ్చిన తర్వాత గూడు కట్టే పని మొదలుపెట్టవచ్చు. ఒక్కో కోడికి గూటి లోపల కనీసం 4 చదరపు అడుగులు, బయట తిరిగే ఆవరణలో 10 చదరపు అడుగులు అనుకొని లెక్క వేసుకోవాలి. వాలే కర్ర మీద కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు కావాలి. ఆ కర్ర గుడ్లు పెట్టే గంపల కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే కోళ్లు గంపల్లోనే నిద్రపోయి వాటిని రెట్టతో పాడుచేస్తాయి. మూడు నాలుగు పెట్టలకు ఒక గంప సరిపోతుంది. గాలి కోసం కోళ్ల తలల కన్నా పైన, కప్పు కింద రెండు వైపులా తెరపులు వదలాలి. సన్నటి తీగతో అల్లిన కోళ్ల వలను కుక్కలు చింపగలవు, దాని కన్నాల్లోంచి ఎలుకలు దూరగలవు. కాబట్టి అర అంగుళం కన్నాలున్న గట్టి ఇనుప జాలీ వాడి, దానిని నేలలోకి అడుగు లోతు దించాలి. ఈ జాలీ దగ్గర మాత్రం పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతాను.

నగర నేల విషయంలో మరో జాగ్రత్త అవసరం. పాత ఇళ్ల గోడల నుంచి రాలిన రంగు వల్ల, రద్దీ రోడ్ల పక్కన ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము వల్ల మట్టిలో సీసం ఉండవచ్చు. కోళ్లు మట్టిని కెలికి తింటాయి కనుక ఆ సీసం గుడ్లలోకి చేరుతుంది. మట్టిని పరీక్ష చేయించి, అనుమానం ఉన్నచోట శుభ్రమైన మట్టిని మందంగా పరిచి, దాణాను నేల మీద చల్లకుండా తొట్టిలో పెట్టాలి.

గుడ్లు పెట్టే కోళ్లకు సుమారు 16 శాతం మాంసకృత్తులున్న దాణా వేయాలి. ఒక్కో పెంకుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం ఖర్చవుతుంది కనుక, నలగ్గొట్టిన ఆలుచిప్పలను వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. బూజు పట్టినవి, ఉప్పు ఎక్కువైనవి, ఉడకని చిక్కుడు జాతి గింజలు, అవకాడో, చాక్లెట్ పెట్టకూడదు. దాణాను మూత ఉన్న ఇనుప డబ్బాలో దాచాలి. ఎలుకలను పెరట్లోకి రప్పించేది కోళ్ల కన్నా వాటి దాణాయే.

కోడి గుంపులో బతికే జీవి, కాబట్టి కనీసం మూడింటినైనా పెంచాలి. వాటిలో ఏది దేనిని పొడవవచ్చన్న వరుస ఒకటి ఉంటుందని నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బే 1920లలో వివరించారు. కొత్త కోడి రాగానే ఆ వరుస చెదిరి పోట్లాటలు వస్తాయి. అందుకే కొత్తవాటిని ముందు నెల రోజులు దూరంగా, వేరే గిన్నెలతో ఉంచి జబ్బు లేదని తేల్చుకొని, తర్వాత కొన్నాళ్లు జాలీకి అవతల ఉంచి, చివరికి కలపాలి.

పెట్టలు సుమారు అయిదారు నెలల వయసులో గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ఈకలు రాల్చే కాలంలోనూ, పగటి వెలుగు తగ్గినప్పుడూ ఆపుతాయి. అది జబ్బు కాదు. రెండు మూడేళ్ల తర్వాత గుడ్లు తగ్గుతాయి గానీ కోడి ఇంకా చాలా ఏళ్లు బతుకుతుంది. ఆ ఏళ్లలో దానిని ఏమి చేయాలో కోడిపిల్లలను కొనకముందే ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించుకోవాలి.

గూడు కుదురుకున్నాక దానిని చూడటానికి ఇతరులు వస్తారు. వారిని తప్పక రానివ్వాలి. గుమ్మం దగ్గర చెప్పులు రుద్ది కడగడానికి నీళ్లు, బ్రష్షు, ఆ తర్వాత అడుగులు ముంచడానికి క్రిమిసంహారక ద్రావణం ఉన్న తొట్టి పెట్టి, కోళ్లను జాలీ ఇవతలి నుంచే చూపించాలి. చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయితే, లేదా మన కోళ్లలో ఒక్కటైనా ముక్కు కారుతూ, ముడుచుకొని కూర్చొని కనిపిస్తే, పశువైద్యుడు చూసి చెప్పేదాకా ఎవరినీ రానివ్వకూడదు, మనం కూడా మరో గూటికి వెళ్లకూడదు.