దుబాయి పోయిన కొత్తలో: మొదటి ఆర్నెల్లు మనసును ఎట్లా పెట్టుకోవాలి

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, వరంగల్ చుట్టుపక్కల నుంచి దుబాయి పోయేటాయనకు సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలో ఊరంతా చెబుతుంది. సకినాలు, మామిడికాయ తొక్కు, దుప్పటి. మొదటి ఆర్నెల్లు మనసును ఎట్లా పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. పనికి ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. మనిషిని కుంగదీసేది ఎక్కువగా సిగ్గు. అప్పు ఎంతో ఇంట్లో చెప్పడానికి సిగ్గు, పని తెలియదనడానికి సిగ్గు, ఒంట్లో బాగాలేదనడానికి సిగ్గు.

ముందు అప్పు సంగతి చూడండి. వీసాకు 2 లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. మొదటి నెల మిత్తే 4,000. నెలనెలా 20,000 కడితే పన్నెండో నెలలో బాకీ తీరిపోతుంది. అదే 10,000 కడితే ఎన్ని నెలలు? సగం కడితే రెట్టింపు నెలలు, అంటే ఇరవై నాలుగని చాలామంది అనుకుంటారు. నిజానికి దాదాపు ఇరవై ఆరు, ఎందుకంటే తగ్గని అసలు మీద మిత్తి నడుస్తూనే ఉంటుంది. రెండేళ్ల కాంట్రాక్టు ముగిసినా బాకీ మిగిలే ఉంటుంది. అందుకే ఒక చిన్న నోటుబుక్కులో ప్రతి నెలా మూడే అంకెలు రాయండి: పంపింది, అందులో మిత్తికి పోయింది, మిగిలిన అసలు. ఆ పేజీ ఫోటో తీసి ఇంటికి పంపండి. ఇంట్లోవాళ్లకు అసలు ఎంతుందో తెలిస్తే పక్కింటాయన కొత్త బండి చూసి మిమ్మల్ని అడగరు. అడిగినా పేజీ చూపిస్తే సరి. రాత్రి పడుకుంటే బాకీ కొండలా కనబడుతుంది, కాగితం మీద పెడితే ఇన్ని నెలలని తేలుతుంది. నిద్ర పట్టేది అప్పుడే.

ఇక సైటు దగ్గర. ఫోర్‌మన్ హిందీలో గబగబా చెప్పి పోతాడు. సగమే అర్థమైనా ‘అచ్ఛా, అచ్ఛా’ అని తలూపడం కొత్తవాళ్లందరి అలవాటు. పైపు తప్పు అంతస్తుకు పోయేది, నిచ్చెన తప్పు చోట పెట్టేది ఇట్లనే. విన్నదాన్ని మీ నోటితో తిరిగి అప్పజెప్పండి: ‘తీన్ నంబర్ ఫ్లోర్, దస్ పైప్, ఖానే సే పెహలే’ (మూడో నంబరు అంతస్తు, పది పైపులు, తిండికి ముందే). తప్పుంటే అక్కడికక్కడే దిద్దుతాడు. మొదటి వారం విసుక్కుంటాడు, విసుక్కోనియ్యండి. హెల్పర్ వీసా మీద పోయినవాళ్లు వారానికి ఒక్క పని చేతికి తెచ్చుకోవాలి. ఈ వారం టేపు సరిగ్గా చదవడం, వచ్చే వారం లెవెల్ పట్టడం. మేస్త్రీకి చాయ్ తెచ్చిచ్చిన పూట అడిగితే మంచిగ చెబుతాడు.

ఎండ దగ్గర మొహమాటం అసలే వద్దు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదు, అది రూలు. మిగతా గంటల్లో పిక్కలు పట్టేసినా, తల తిరిగినా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా ఆ పూటే చెప్పాలి. ఒక్క పూట డ్యూటీ పోతుందని దాచిపెడితే వారం మంచం మీద పోతుంది. పక్కవాడు తడబడుతూ అర్థంలేని మాటలు మాట్లాడుతుంటే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, అంబులెన్స్ నంబరు 998కి ఫోన్ చేయండి.

ఇంటికి ఫోన్ విషయంలో ఒక చిన్న లెక్క ఉంది. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక. డ్యూటీ దిగి, స్నానం చేసి, అన్నం వండుకొని రాత్రి 9కి ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర. పిల్లలు పడుకొని ఉంటారు, ఇంటామె అలసిపోయి ఉంటుంది, మీరూ అంతే. కొట్లాటలన్నీ ఆ ఫోన్లలోనే. మామూలు రోజుల్లో ‘తిన్నరా, మంచిగున్నరా’ అని రెండు నిమిషాలు చాలు. పైసల ముచ్చట సెలవు రోజు పొద్దుటికి ఆపుకోండి.

పండుగలప్పుడు మనసు గుంజుతుంది, గుంజనియ్యండి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రెండేళ్ల కాంట్రాక్టులో ఒకసారి తప్పకుండా పడుతుంది, ఇదొక చిక్కు. ఇంట్లోవాళ్లు మీ పేరు మీద బెల్లం, అదే మన ‘బంగారం’, తూకం వేసి అమ్మవార్లకు ఇస్తారు. మీరు ఆ రోజు గదిలో ఒంటరిగా కూర్చోకుండా మన జిల్లావాళ్లు ఉండే గదికి పోయి కూర్చోండి.

రెండు వారాలు వరుసగా నిద్ర లేకపోయినా, తిండి రుచించకపోయినా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోయినా అది బలహీనత అనుకొని మందు సీసా పట్టకండి. గదిలో ఒకరికి చెప్పండి. జీతం ఆగినా, పాస్‌పోర్టు కంపెనీ దాచుకున్నా భారత కాన్సులేటు సహాయ కేంద్రం ఉచిత నంబరు 80046342 ఉంది. దాన్ని ఫోన్‌లో మాత్రమే కాకుండా కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి, ఎందుకంటే అవసరం పడ్డ రోజే ఛార్జింగ్ అయిపోతుంది.